పరిశోధక విద్యార్థి ప్రాణానికి మొదటి పూచీ గైడుదే

సంపాదకులు గారికి నమస్కారం.

అనంతపురం, కడప, కర్నూలు, చిత్తూరు జిల్లాల నుంచి రసాయనశాస్త్రంలో ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ చేయడానికి ఏటా ఎందరో పిల్లలు బెంగళూరు వస్తున్నారు. బల్క్ డ్రగ్ కంపెనీల సేఫ్టీ విభాగంలో పనిచేసి రిటైరై ఈ ఊళ్లోనే స్థిరపడ్డవాణ్ణి కనుక, వారి తల్లిదండ్రులు కొందరు హాస్టలు గురించీ, ఫెలోషిప్పు గురించీ, గైడు మంచివాడా కాదా అన్నదాని గురించీ నన్ను అడుగుతుంటారు. మంచివాడంటే థీసిస్ తొందరగా సబ్మిట్ చేయనిచ్చేవాడని వారి ఉద్దేశం. తన ల్యాబులో ఏం జరుగుతున్నదో ఆ గైడు పట్టించుకుంటాడా అని మాత్రం ఇంతవరకు ఎవరూ అడగలేదు. విశ్వవిద్యాలయ రసాయన ప్రయోగశాలలో భద్రతకు మొదటి బాధ్యుడు అక్కడ పరిశోధన నడిపిస్తున్న ప్రొఫెసరేననీ, ఆ బాధ్యతను ఒక సీనియర్ విద్యార్థికో సేఫ్టీ కమిటీకో వదిలేసి తప్పుకునే వీలు ఆయనకు లేదనీ చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

కొంతకాలం కిందట నగరంలోని ఒక విద్యాసంస్థ వారు భద్రత మీద మాట్లాడమని పిలిస్తే వెళ్లాను. ఉపన్యాసం అయ్యాక ఒక ల్యాబు చూపించారు. విషవాయువులను బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్ అనే గూటి అద్దం పైదాకా ఎత్తేసి ఉంది. లోపల చేయి పెట్టడానికి సందు లేకుండా సాల్వెంట్ (ద్రావకం) సీసాలు పేర్చారు. గాలిని లాగవలసిన వెనుక చీలికలు ఆ సీసాల చాటున మూసుకుపోయాయి. పక్క హుడ్‌లో సోడియం, బెంజోఫినోన్ వేసిన టీహెచ్‌ఎఫ్ అనే మండే సాల్వెంటు మరుగుతూ డిస్టిలేషన్ నడుస్తోంది, దగ్గర మనిషి లేడు. ఆవిరిని చల్లబరిచే కండెన్సరుకు నీళ్లు తెచ్చే రబ్బరు గొట్టానికి క్లిప్పు కూడా బిగించలేదు. రాత్రివేళ నీటి ప్రెషరు పెరిగి ఆ గొట్టం ఊడితే మండే ఆవిరి చల్లబడక గదిలోకి వస్తుంది, ఆ నీళ్లు సోడియాన్ని తాకితే నిప్పు కూడా అక్కడే పుడుతుంది. గోడకు తగిలించిన మంటలార్పే సిలిండరేమో కార్బన్ డయాక్సైడుది, సోడియం మంటకు అది పనికిరాదు. పనికొచ్చే పొడి ఇసుక బకెట్టు ఉంది కానీ, దాని నిండా టీ తాగి పడేసిన కప్పులు. ఇదెవరి బాధ్యత అని ఆ గదిలో ఉన్న కుర్రాణ్ణి అడిగాను. “గైడు సారు ఢిల్లీ వెళ్లారు సార్, సీనియర్ అన్న చూసుకుంటాడు” అన్నాడు. ఆ అన్న ఏడీ అంటే, “చెల్లెలి పెళ్లికి ఊరెళ్లాడు సార్” అన్నాడు. ఆ అబ్బాయిని తప్పు పట్టడానికి నాకు మనసొప్పలేదు, ఎందుకంటే తనకు తెలిసిన నిజమే అతడు చెప్పాడు.

నోటిమాటగా చెప్పిన జాగ్రత్త ఎంత దూరం నిలుస్తుందో తెలియాలంటే అమెరికాలోని టెక్సస్ టెక్ విశ్వవిద్యాలయంలో 2010 జనవరిలో జరిగిన ప్రమాదాన్ని చూడాలి. నికెల్ హైడ్రజీన్ పెర్క్లోరేట్ అనే పేలుడు స్వభావం గల పదార్థాన్ని అక్కడ తయారు చేస్తున్నారు. ఒకసారికి 100 మిల్లీగ్రాములకు మించకూడదన్నది ప్రొఫెసర్లు పెట్టిన హద్దు. అయితే అది కాగితం మీద లేదు. పరీక్షలన్నిటికీ ఒకే బ్యాచ్ సరిపోతుందన్న ఆలోచనతో విద్యార్థులు సుమారు 10 గ్రాములు, అంటే నూరు రెట్లు, చేశారు. గడ్డలు కట్టిన ఆ పదార్థాన్ని కల్వంలో నూరుతుండగా అది పేలి ఒక విద్యార్థి మూడు వేళ్లు పోగొట్టుకున్నాడు, కంటికి దెబ్బ తగిలింది. దర్యాప్తు జరిపిన అక్కడి కెమికల్ సేఫ్టీ బోర్డు, అదే బృందంలో అంతకుముందు కూడా ప్రమాదాలు తృటిలో తప్పిన సంగతిని, వాటి నుంచి ఎవరూ ఏమీ నేర్చుకోని సంగతిని నమోదు చేసింది. విద్యార్థి అతి చేశాడనడం తేలిక. ఆ హద్దు ఎందుకు పెట్టారో, దాటితే ఏమవుతుందో రాసి, చదివించి, సంతకం పెట్టించే పని ఎవరిదన్నదే ఇక్కడ అసలు ప్రశ్న.

పరిమాణం పెంచడమన్నది ఫ్యాక్టరీలో పనిచేసిన వారికి పీడకల వంటిది కనుక దీని మీద ఇంకొంచెం చెప్పనివ్వండి. రసాయన చర్యలో పుట్టే వేడి పదార్థం మొత్తాన్ని బట్టి ఉంటుంది, ఆ వేడి బయటికి పోవడం పాత్ర ఉపరితలాన్ని బట్టి ఉంటుంది. అదే ఆకారం గల పాత్రలో పరిమాణాన్ని నూరు రెట్లు చేస్తే వేడి నూరు రెట్లవుతుంది, చల్లబరిచే ఉపరితలం మాత్రం ఇరవై ఒకటిన్నర రెట్లే పెరుగుతుంది. ఇంట్లో గిన్నెలోని పులుసు ఇట్టే చల్లారిపోతే పెళ్లివారి గుండిగలోది ఎంతసేపటికీ చల్లారదు కదా, అదే సంగతి. 50 మిల్లీలీటర్ల ఫ్లాస్కులో ఐసు గడ్డల మధ్య బుద్ధిగా నడిచిన చర్య 5 లీటర్ల ఫ్లాస్కులో అదుపు తప్పడానికి విద్యార్థి కొత్త పొరపాటేమీ చేయనక్కరలేదు. జర్నల్‌లోని ప్రొసీజరు చదివి ఈ తేడాను పసిగట్టగల అనుభవం ఇరవై మూడేళ్ల స్కాలరుకు ఉండదు, గైడుకు ఉంటుంది, ఉండాలి. అందుకే పరిమాణం పెంచే ప్రతిసారీ గైడు అనుమతి రాతపూర్వకంగా ఉండి తీరాలని నా అభిప్రాయం.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు లాస్ ఏంజెలెస్ ప్రాంగణంలో 2008 డిసెంబరు 29న జరిగిన ప్రమాదం రసాయన శాస్త్రవేత్తలలో చాలామందికి తెలిసినదే. గాలి తగిలితే దానంతట అదే అంటుకునే టెర్షరీ బ్యూటైల్ లిథియాన్ని ప్లాస్టిక్ సిరంజితో తీస్తుండగా సిరంజి ప్లంజరు ఊడివచ్చి, ల్యాబ్ కోటు లేని 23 ఏళ్ల రిసెర్చ్ అసిస్టెంటు ఒంటి మీది సింథటిక్ స్వెటరు అంటుకుంది. 18 రోజులకు ఆమె మరణించింది. అంతకు రెండు నెలల ముందు జరిగిన తనిఖీలోనే ఆ ల్యాబులో కోట్లు వేసుకోవడం లేదని రాసి పెట్టారు. ఆమె పనిచేసిన ల్యాబు ప్రొఫెసరు మీద 2011లో క్రిమినల్ అభియోగాలు వచ్చాయి. 2014లో కుదిరిన ఒప్పందం ప్రకారం ఆయన 800 గంటల సమాజసేవ చేయడానికీ, కాలిన గాయాల ఆసుపత్రికి 10 వేల డాలర్లు చెల్లించడానికీ అంగీకరించారు. శిక్ష తక్కువా ఎక్కువా అన్న చర్చ అక్కడ చాలా నడిచింది. నాకు ముఖ్యమనిపించేది వేరే విషయం: ఆమె జీతం తీసుకునే ఉద్యోగి కావడం వల్లనే కార్మిక భద్రతా చట్టం ఆ ప్రొఫెసరు దాకా వెళ్లగలిగింది.

మన దగ్గర ఫెలోషిప్పు మీద బతికే స్కాలరు ఉద్యోగి కాడు. భోపాల్ తరువాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, ప్రమాదకర ప్రక్రియలు నడిపే యాజమాన్యం ఆ ప్రమాదాల వివరాలను కార్మికులకు చెప్పి తీరాలని ఒక అధ్యాయమే చేర్చారు. బెంగళూరు శివారు పారిశ్రామికవాడ బొమ్మసంద్రలోని ఫ్యాక్టరీలో డ్రమ్ము టొలుయీన్ అనే మండే సాల్వెంటు వాడాలంటే బ్యాచ్ షీటు, పర్మిటు, షిఫ్టు ఇన్‌ఛార్జి సంతకం కావాలి. అదే టొలుయీన్ విశ్వవిద్యాలయం గేటు దాటి లోపలికి వస్తే అడిగేవారు ఉండరు. ప్రయోగశాలల భద్రత మీద భారత ప్రమాణాల సంస్థ ఐఎస్ 4209 అనే నియమావళిని ఎప్పుడో ఇచ్చింది. ఎన్ని డిపార్ట్‌మెంట్లలో దాని ప్రతి ఒక్కటైనా దొరుకుతుందో శాఖాధిపతులే చెప్పాలి. నిర్లక్ష్యం వల్ల మరణం సంభవిస్తే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ ఉన్నది నిజమే కానీ, అది మనిషి పోయాక వచ్చే చట్టం. 2018 డిసెంబరు 5న ఈ నగరంలోనే భారతీయ విజ్ఞాన సంస్థలోని హైపర్‌సోనిక్, షాక్ వేవ్ ప్రయోగశాలలో హైడ్రోజన్ సిలిండరు పేలి ఒక యువ పరిశోధకుడు మరణించాడు, ముగ్గురు గాయపడ్డారు. అది రసాయన విభాగం కాకపోవచ్చు, కానీ అటువంటి సిలిండర్లు లేని రసాయన విభాగం ఉండదు.

గైడు చేయవలసినవి గొప్ప పనులేమీ కావు. కొత్త చర్యను విద్యార్థికి అప్పగించే ముందు ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఇందులో ఏది మండుతుంది, ఏది విషం, గరిష్ఠ పరిమాణం ఎంత, కరెంటు పోయి హుడ్ ఫ్యాను ఆగితే ఏం చేయాలి అన్నవి ఒక కాగితం మీద రాయించి తాను సంతకం చేయాలి. గాలిలో అంటుకునే రియేజెంటును మొదటిసారి తన చేతులతో తీసి చూపించాలి. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం తెప్పిస్తే, అది ఒంటి మీద పడితే వెంటనే పూయవలసిన కాల్షియం గ్లూకోనేట్ జెల్ గడువు తీరకుండా అందుబాటులో ఉందని చూసుకున్నాకే ఆ సీసా తెరవనివ్వాలి. ఊరు వెళ్లేటప్పుడు బాధ్యతను తగిన సహోద్యోగికి రాతపూర్వకంగా అప్పగించాలి, అటువంటి వారు దొరకకపోతే ప్రమాదకరమైన ప్రయోగాలను తాను తిరిగి వచ్చేదాకా ఆపాలి. ల్యాబులో అడుగుపెట్టేటప్పుడు తానూ కళ్లద్దాలు పెట్టుకోవాలి. చున్నీ గాలికి వదిలేసి బర్నరు దగ్గర నిలబడ్డ అమ్మాయిని మందలించడానికి ముందు, ఆమెకు సరిపోయే కొలతలో కాటన్ కోటు కొనిచ్చామా లేదా అని చూడాలి.

జాగ్రత్తగా ఉండమని చెప్పామని ప్రొఫెసర్లు తరచు అంటారు. చెప్పే ఉంటారు. కానీ సోమవారానికి ఫలితం కావాలని శుక్రవారం సాయంత్రం చెప్పిన గైడుకు, ఈ ప్రయోగం రాత్రిపూట ఒంటరిగా చేయలేనని చెప్పగల స్కాలరు ఎందరుంటారు? సినాప్సిస్ మీద, ఫెలోషిప్పు కాగితాల మీద, రేపు ఉద్యోగానికి రాసే సిఫారసు మీద ఆయన సంతకమే కావాలి. కాదనే స్వేచ్ఛ లేని మనిషికి చెప్పిన జాగ్రత్త చెప్పినవారిని బాధ్యత నుంచి విడిపించదు.

పదిమంది స్కాలర్లు, క్లాసులు, ప్రాజెక్టు రిపోర్టులు, సమావేశాల మధ్య ప్రతి ఫ్లాస్కు దగ్గరా నిలబడలేమని వారనడంలో న్యాయం ఉంది. అందుకే ఈ పని వారి మంచితనం మీద వదిలేయకూడదు. ప్రతి డిపార్ట్‌మెంటుకూ శిక్షణ పొందిన సేఫ్టీ టెక్నీషియను ఉండాలి. ప్రాజెక్టు ప్రతిపాదనలో పరికరాలకూ రసాయనాలకూ అడిగినట్టే హుడ్ల మరమ్మతుకూ, వ్యర్థ సాల్వెంట్లను తరలించడానికీ డబ్బు అడగాలి, ఇచ్చే సంస్థలూ ఆ పద్దును కొట్టేయకూడదు. గైడ్‌షిప్ ఇచ్చేటప్పుడు పబ్లికేషన్లు లెక్కించే విశ్వవిద్యాలయాలు, దాన్ని కొనసాగించేటప్పుడు ఆ ల్యాబు తనిఖీ నివేదికలను, అందులో ఎత్తిచూపిన లోపాలను సరిదిద్దారా లేదా అన్నదాన్ని కూడా చూడాలి. సరిదిద్దేంతవరకు ఆ గైడుకు కొత్త విద్యార్థులను కేటాయించడం ఆపాలని ఇక్కడి విశ్వవిద్యాలయాల రిజిస్ట్రార్లను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత సేఫ్టీ అధికారి,
మారతహళ్లి, బెంగళూరు.