తాయ్ చీ, చీగాంగ్ తరగతి: సభ్యులకు వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, వనభోజనాలు, పిల్లల తెలుగు తరగతుల వివరాలు కార్యదర్శి గారి నివేదికలో ఉన్నాయి. జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా చెబుతారు. సింగపూర్‌లో మన హెచ్‌డీబీ (ప్రభుత్వ గృహ సముదాయం) బ్లాకు కింద, వాయిడ్ డెక్ అనే ఖాళీ స్థలంలో వారాంతాల్లో నడుస్తున్న తాయ్ చీ, చీగాంగ్ (శ్వాసతో కలిపి నెమ్మదిగా చేసే చైనీస్ వ్యాయామం) తరగతి గురించి మాత్రమే ఇక్కడ రాస్తున్నాం.

ఈ తరగతి పుట్టింది మన ఇళ్లకు వచ్చే పెద్దవాళ్ల కోసం. ఆంధ్ర, తెలంగాణల నుంచి వచ్చిన అమ్మానాన్నలు, అత్తమామలు నెలల తరబడి ఇక్కడే ఉంటారు. మనవలను చూసుకోవడం, వంట, టీవీ తప్ప వాళ్లకు వేరే కాలక్షేపం ఉండదు. పొద్దున్నే కిందికి దిగితే చైనీస్ పెద్దలు గుంపుగా నిలబడి నెమ్మదిగా చేతులు కదుపుతూ కనిపిస్తారు. మనవాళ్లు బెంచీ మీద కూర్చుని చూసేవారే కానీ వెళ్లి కలిసేవారు కాదు. భాష రాదు, అడగాలంటే మొహమాటం. ఆ మొహమాటం పోగొట్టడమే ఈ ఏడాది సంఘం చేసిన అసలు పని అని మా నమ్మకం.

ఆ గుంపులో ఏళ్లుగా సాధన చేస్తున్న ఒక పెద్దావిడను అడిగితే వెంటనే ఒప్పుకున్నారు. ఫీజు వద్దన్నారు. మనవాళ్లంతా ఆవిడను లావోషి గారు అని పిలుస్తున్నారు, చైనీస్‌లో టీచర్ అని అర్థం. చైనీస్ కొత్త సంవత్సరానికి మన అమ్మలు ఆవిడ ఇంటికి కమలాపళ్లు జతగా పట్టుకెళ్లారు. ఉగాదికి ఆవిడ మన పచ్చడి తిన్నారు. బడిలో చైనీస్ చదువుకునే మన పిల్లలు కొందరు ఆవిడ మాటలను తెలుగులో చెప్పి పెట్టారు. వాళ్లు లేకపోతే మొదటి నెల గడిచేది కాదు.

మొదట్లో కొందరు పెద్దలు ఇది మతానికి సంబంధించినదా అని అడిగారు. అడగదగిన ప్రశ్నే. తాయ్ చీ మొదలైంది యుద్ధవిద్యగా. దాని మూలాలు 17వ శతాబ్దంలో హెనాన్ రాష్ట్రంలోని చెన్ కుటుంబం ఊరిలో ఉన్నాయి. 19వ శతాబ్దంలో యాంగ్ లూచాన్ ఆ ఊళ్లో నేర్చుకుని బీజింగ్‌కు తీసుకెళ్లాడు. అతని మనవడు యాంగ్ చెంగ్‌ఫు దాన్ని నిదానంగా, ఒకే వేగంతో, ఏ వయసువారైనా చేయగలిగేలా నేర్పాడు. చైనాకు చెందిన ప్రాచీన తావో తత్వం ఆలోచనలు అందులో ఉన్నాయి కానీ మన తరగతిలో పూజ, ప్రార్థన ఏవీ లేవు. 2020లో యునెస్కో దీన్ని మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

మనలో చాలామంది వీడియోల్లో కనిపించే 24 భంగిమల వరస వెంటనే నేర్చుకోవాలని ఉబలాటపడ్డారు. చైనా క్రీడా శాఖ 1956లో యాంగ్ పద్ధతిని కుదించి తయారుచేసిన వరస అది. చేయడానికి ఐదారు నిమిషాలే పడుతుంది కానీ కుదురుగా నేర్చుకోవడానికి నెలలు పడుతుంది. లావోషి గారు ముందు బాదువాన్‌జిన్ అన్నారు. ఎనిమిది కదలికలున్న చీగాంగ్ ఇది. రెండు చేతులతో ఆకాశాన్ని ఎత్తినట్టు సాగడం, విల్లు ఎక్కుపెట్టడం, మెడ తిప్పి వెనక్కి చూడడం, చివర్లో మడమలు ఎత్తి ఏడుసార్లు దించడం ఇందులో ఉంటాయి. చోటు మారనక్కర్లేదు, ఎదుట ఎవరూ లేకపోయినా ఒక్కరే చేసుకోవచ్చు. వీసా గడువు ముగిసి ఊరికి వెళ్లినా, విజయవాడలోనో కరీంనగర్‌లోనో డాబా మీద కొనసాగించవచ్చు. అలా వెళ్లినవాళ్లలో కొందరు చేస్తూనే ఉన్నామని ఫోన్లో చెబుతున్నారు. ఆవిడ నిర్ణయం ఎంత సరైనదో దీన్నిబట్టే తెలుస్తోంది.

24 భంగిమల వరస మొదలుపెట్టాక అసలు ఇబ్బంది ఎదురైంది. కొత్తవాళ్లు ముందున్నవాళ్లను చూసి చేస్తారు. వరస మధ్యలో వెనక్కి తిరిగేసరికి ముందు ఎవరూ ఉండరు, అందరూ ఆగిపోతారు. అందుకని బాగా వచ్చినవాళ్లను నాలుగు మూలలా నిలబెట్టాం. ఎటు తిరిగినా చూడడానికి ఒకరు ఉంటారు. తరగతికి ఇంతగా పనికొచ్చిన ఏర్పాటు ఇంకొకటి లేదు.

ఇక మోకాళ్లు. తెలిసీ తెలియక బాగా కిందికి కూర్చుంటే, బరువున్న కాలి మీదే పాదం తిప్పితే మోకాలు మెలిపడుతుంది. ముందు బరువు వెనక కాలి మీదికి తెచ్చి, పాదం తిప్పి, ఆ తర్వాతే ముందుకు రావాలి. మోకాలు కాలి బొటనవేలు చూసే వైపే చూడాలి. నొప్పులున్నవాళ్లు నిటారుగానే ఉండి చేస్తారు, దాంతో సాధన విలువ ఏమీ తగ్గదని లావోషి గారు పదేపదే చెప్పారు. అడుగు వేసేటప్పుడు ఒళ్లు ఎగిసిపడకూడదని పిల్లలు అనువాదం చేస్తుంటే, మన బామ్మ ఒకరు "నెత్తిన నీళ్ల బిందె ఉందనుకుని నడవండర్రా" అన్నారు. ఆ మాటతో అందరి నడకా మారింది.

ఇందువల్ల ఉపయోగం ఉందా అని అడిగిన సభ్యులకు ఒక అధ్యయనం గురించి చెప్పాలి. అమెరికాలోని ఒరెగాన్‌లో 70 ఏళ్లు దాటి, పడిపోయే ప్రమాదమున్న 670 మందిపై జరిగిన పరిశోధన 2018లో వెలువడింది. పెద్దలు పడిపోకుండా చూడడానికి తాయ్ చీ ఆధారంగా తయారుచేసిన శిక్షణను వారానికి రెండుసార్లు, 24 వారాలు తీసుకున్నవారిలో, స్ట్రెచింగ్ మాత్రమే చేసినవారికంటే పడిపోవడాలు 58 శాతం తగ్గాయి. మన తరగతి అచ్చంగా ఆ శిక్షణ కాదు, అదే ఫలితం వస్తుందని మేం మాట ఇవ్వం. అయినా పెద్దవాళ్లున్న ఇంట్లో బాత్రూమ్‌లో జారిపడతారేమోనన్న టెన్షన్ ఎంత ఉంటుందో అందరికీ తెలుసు. బీపీ, షుగర్ మాత్రలు మానేయవచ్చా అని అడిగినవారికి మా జవాబు ఒక్కటే: డాక్టర్ చెప్పకుండా ఒక్క మాత్ర కూడా మానవద్దు.

ఏప్రిల్ చివరి శనివారం ప్రపంచ తాయ్ చీ, చీగాంగ్ దినం. ఎక్కడివాళ్లు అక్కడే ఉదయం 10 గంటలకు కలిసి చేస్తారు. మనవాళ్లు ఈసారి లావోషి గారి పాత గుంపుతో కలిసి చేశారు. ఉగాది వేదికపై ప్రదర్శన ఇవ్వమని అడిగారు కానీ కార్యవర్గం ఒప్పుకోలేదు. కొత్తగా నేర్చుకుంటున్నవారిని పరీక్షకు నిలబెట్టినట్టు అవుతుందని అనిపించింది. బదులుగా హాల్లో ఉన్న అందరినీ లేపి బాదువాన్‌జిన్‌లో మొదటి రెండు కదలికలు చేయించాం.

వచ్చే ఏడాదికి సర్వసభ్య సమావేశం ముందు మూడు ప్రతిపాదనలు పెడుతున్నాం. వాయిడ్ డెక్ వాడుకోవడానికి టౌన్ కౌన్సిల్ అనుమతిని కొనసాగించాలి. పైన నిద్రపోయేవాళ్లున్నారు కాబట్టి పాట శబ్దం తక్కువగానే ఉంచాలి. అన్నిటికంటే ముఖ్యంగా, పాత బ్యాచ్ ఎంత ముందుకు వెళ్లినా ప్రతి నెలా మొదటి శనివారం కొత్తవారి కోసం మొదటి నుంచి నేర్పాలి. పెద్దవాళ్లు ఏ నెలలో వస్తారో, ఎప్పుడు వెళ్తారో తెలియదు కదా. మూలల్లో నిలబడడానికి ఇంకొంతమంది కావాలి. వీలున్నవారు సమావేశం రోజే కార్యదర్శి గారికి పేర్లు ఇవ్వండి. కొత్తగా చేరే పెద్దవాళ్లకు అడుగు చదునుగా, పలచగా ఉండే బూట్లు కొనిపెట్టండి.

— కార్యవర్గం తరఫున