పీసీఎం క్లెయిముల్లో మా పొరపాటు, వెనక్కి కట్టాల్సిన డబ్బు

డాక్టరు గార్లందరికీ నమస్కారం.

నెలవారీ రిపోర్టు పంపేముందు ఒక మాట చెప్పాలి. మెడికేర్‌కు (అమెరికాలో పెద్దవాళ్ళ ప్రభుత్వ బీమాకు) పంపకూడని 31 పీసీఎం క్లెయిములు మీ క్లినిక్కుల బిల్లింగ్ చూసే మా ఆఫీసు నుంచి వెళ్ళాయి. పీసీఎం అంటే ప్రిన్సిపల్ కేర్ మేనేజ్‌మెంట్, ఒక్క పెద్ద జబ్బున్న పేషెంటును నెలనెలా ఫోన్‌లో కనిపెట్టుకుని ఉండే సేవ. అవి మూడు క్లినిక్కులవి. ఆ ముగ్గురు డాక్టర్లకూ నేనే ఫోన్ చేసి చెప్పాను. మిగతావాళ్ళకు ఆ నోటా ఈ నోటా తెలియడం నాకు ఇష్టం లేదు, అందుకే అందరికీ ఇది రాస్తున్నాను.

అసలు జరిగింది ఇది. నర్సులు ఫోన్ చేసినప్పుడు నిమిషాలు ఎక్కించే ఎక్సెల్ షీటు ఒకటి ఉంది కదా, పీసీఎం మొదలుపెట్టినప్పుడు దాన్ని కొత్తగా తయారుచేయకుండా పాత సీసీఎం (రెండు, అంతకన్నా ఎక్కువ దీర్ఘకాలిక జబ్బులున్నవాళ్ళకు ఇలాంటి సేవే) షీటునే కాపీ చేసుకున్నాం. సీసీఎంలో 99490 అనే బిల్లు కోడుకు నెలకు 20 నిమిషాలు చాలు, కాబట్టి 20 దాటగానే గడి ఆకుపచ్చగా మారేది. పీసీఎంలో నర్సు నిమిషాల కోడు 99426కి 30 నిమిషాలు కావాలి. కూకట్‌పల్లి ఆఫీసులో కూర్చుని క్లెయిములు వేసే మా వాళ్ళు గడి పచ్చగా ఉంటే బిల్లు పంపేశారు. ఆగస్టులో కొత్తగా చేరిన అమ్మాయి "సార్, ఇక్కడ 23 నిమిషాలే ఉన్నాయి, క్లెయిమ్ ఎలా వెళ్ళింది?" అని అడిగేదాకా ఎవరం గమనించలేదు. ఆ షీటు కాపీ చేసి పెట్టింది నేను, తప్పు నాదే, ఆ పిల్లలది కాదు.

మరుసటి రోజే పీసీఎం మొదలుపెట్టినప్పటి నుంచి ఉన్న షీట్లన్నీ తీసి కూర్చున్నాం. చాలావరకు 30 దాటినవే. కానీ అందులో ఒక లైను ఇప్పటికీ నా కళ్ళముందే ఉంది. హార్ట్ ఫెయిల్యూర్ ఉన్న పెద్దావిడ, గుంటూరు వైపు వాళ్ళు, కూతురి దగ్గర ఉంటున్నారు. 4వ తేదీన 11 నిమిషాలు: రెండు రోజుల్లో నాలుగు పౌన్లు బరువు పెరిగారని, ఆవకాయ మానలేదని కూతురు చెప్పింది. 5న 9 నిమిషాలు: డాక్టరు గారు నీటి మాత్ర డోసు పెంచారు, అది ఎలా వేసుకోవాలో నర్సు చెప్పింది. 19న 7 నిమిషాలు: బరువు దిగింది, రక్తపరీక్షకు రమ్మన్నారు. మొత్తం 27. పని నిజంగా జరిగింది, ఆవిడ ఆసుపత్రిపాలు కాకుండా బయటపడ్డారు, అయినా అది బిల్లు చేయగలిగిన నెల కాదు. సగం దాటితే చాలనే లెక్క ఈ కోడ్లకు లేదు, 30 అంటే 30. మిగిలిన నిమిషాలు వచ్చే నెలకు కలుపుకోవడం కూడా కుదరదు, ప్రతి నెలా ఒకటో తేదీ నుంచి లెక్క మళ్ళీ మొదలే.

ఇక డబ్బు సంగతి. ఎక్కువ వచ్చిందని తెలిశాక 60 రోజుల్లో మెడికేర్‌కు వెనక్కి కట్టాలి, సదుద్దేశంతో ఇంకా లెక్క తేలుస్తూ ఉంటే ఆ గడువు 180 రోజుల వరకు ఆగుతుందని 2025 జనవరి 1 నుంచి రూలు మారింది. మా లెక్క తేలిపోయింది కాబట్టి ఆగాల్సిన పని లేదు. రీఫండు ఫారాలు నింపి మీ సంతకానికి పంపాం, చెక్కుతో పాటు మీ మ్యాక్‌కు (మెడికేర్ తరఫున క్లెయిములు చూసే కంపెనీకి) వెళ్తాయి. పేషెంట్ల దగ్గర వాళ్ళ వాటాగా వసూలు చేసిన 20 శాతం కూడా తిరిగి ఇచ్చేయాలి, ఆ వాటాను వాళ్ళ సప్లిమెంట్ ప్లాన్ (అదనపు బీమా) కట్టి ఉంటే ఆ ప్లాన్‌కు. ఆ గుంటూరు పెద్దావిడ కూతురు అప్పట్లో "ఫోన్ చేసినందుకు 12 డాలర్లా?" అని అడిగితే మా వాళ్ళు రూలు చెప్పి పంపేశారు, ఇప్పుడు నేనే ఫోన్ చేసి క్షమాపణ చెప్పాను. ఆ 31 క్లెయిములకు మీరిచ్చిన మా ఫీజు ఈ నెల ఇన్‌వాయిస్‌లో తగ్గిస్తున్నాను. క్లెయిము వెళ్ళేది మీ ఎన్‌పీఐ (డాక్టరు గుర్తింపు నంబరు) మీద, తప్పు మా ఆఫీసులో జరిగినా జవాబుదారీ మీరే అవుతారు. నాకు నిద్ర పట్టనిది ఆ విషయం వల్లే. మీ లాయరుకు చూపించుకోవాలంటే షీట్లన్నీ ఉన్నవి ఉన్నట్టు ఇస్తాను.

షీటు మార్చేశాం. ఇప్పుడు 30 రాకపోతే క్లెయిమ్ తెరుచుకోదు. దీనివల్ల కొందరికి పీసీఎం రాబడి తగ్గుతుంది, అది ముందే చెబుతున్నాను. తగ్గకుండా ఉండటానికి న్యాయమైన దారి ఒకటుంది: మీరు స్వయంగా ఆ పేషెంటు గురించి కిడ్నీ డాక్టరుతో మాట్లాడినా, ఇంటివాళ్ళకు ఫోన్ చేసినా ఆ నిమిషాలు అప్పుడే రాయండి. వేరే బిల్లు చేయకపోతే అవి 99426 లెక్కలో కలుస్తాయి. దీన్ని తిరగేసి మాత్రం చేయలేం, 99424 మీ సొంత 30 నిమిషాలకే, నర్సు నిమిషాలు అందులో కలపకూడదు. నెలాఖరున గుర్తు తెచ్చుకుని రాసిన నిమిషాలు దయచేసి పంపకండి, మేము తీసుకోము.

ఇంకో రెండు మాటలు, ఈ మధ్య తరచుగా అడుగుతున్నవి.

బీపీ పేషెంట్లందర్నీ పీసీఎంలో చేర్చేద్దామని ఒక క్లినిక్ నుంచి అడిగారు. మాత్రతో నిలకడగా ఉన్న బీపీకి ఇది వర్తించదు. ఆ ఒక్క జబ్బు కనీసం 3 నెలలు ఉండేదై ఉండాలి, ఆసుపత్రిలో చేరేంత, ప్రాణం మీదకు వచ్చేంత ప్రమాదం ఉండాలి, మందులు తరచూ మార్చాల్సి రావడమో పక్క జబ్బుల వల్ల చూసుకోవడం కష్టంగా ఉండటమో ఉండాలి, ఆ జబ్బుకంటూ విడిగా కేర్ ప్లాన్ చార్టులో కనబడాలి. 2020లో మెడికేర్ సొంతంగా పెట్టిన, జీ అక్షరంతో మొదలయ్యే కోడ్లతో ఇది మొదలైంది, 2022 నుంచి ఇప్పటి నాలుగు కోడ్లు. ఒక్క పెద్ద జబ్బునే చూసుకునే స్పెషలిస్టులకు ఇది నిజంగా ఉపయోగపడే కోడ్. అనర్హుల పేర్లు ఎక్కిస్తే అర్హులైనవాళ్ళ క్లెయిముల మీద కూడా అనుమానం వస్తుంది.

రెండోది, హైదరాబాద్ నర్సుల చేత ఫోన్లు చేయించొచ్చు కదా, తెలుగులో మాట్లాడతారు, ఖర్చూ తగ్గుతుంది అని. పేషెంట్ల కోణంలో చూస్తే మంచి ఆలోచనే, కానీ కుదరదు. అమెరికా బయట అందించిన సేవలకు మెడికేర్ డబ్బు కట్టదు, చట్టంలోనే ఉంది. అక్కడి మా వాళ్ళు క్లెయిము వేస్తారు, డినయల్స్ (తిరస్కరించిన క్లెయిములు) చూస్తారు, అంతే. నిమిషాలుగా లెక్కకొచ్చే ప్రతి ఫోనూ టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో ఉన్న మా ముగ్గురు నర్సులే చేస్తారు. అందులో ఇద్దరికి తెలుగు వచ్చు. మూడో ఆవిడ "అన్నం తిన్నారా?" వరకు నేర్చుకుంది, పేషెంట్లు ఆ ఒక్క మాటకే సంతోషపడుతున్నారు.

మీ క్లినిక్‌లో పీసీఎంలో ఉన్న ప్రతి పేషెంటుదీ ఒప్పుకోలు నోటు, కేర్ ప్లాన్ తేదీ, నిమిషాల షీటు కలిపి వచ్చే శుక్రవారం పంపుతున్నాం. ఒప్పుకోలు నోట్లో 20 శాతం పేషెంటు కట్టాల్సి రావచ్చని, ఎప్పుడు కావాలంటే అప్పుడు మానేయొచ్చని చెప్పినట్టు రాసి ఉందో లేదో చూడండి, లేని చోట ఎర్రగా గుర్తు పెట్టాం. సందేహాలుంటే క్లినిక్ అయిపోయాక రాత్రి ఏడు తర్వాత ఫోన్ చేయండి, నేనే ఎత్తుతాను.