ఎడారి శిఖరాల మీదికి మమ్మల్ని చేర్చిన వారికి కృతజ్ఞతలు

అమలాపురంలో ఉపాధ్యాయులుగా పనిచేసి పదవీ విరమణ పొందిన మేమిద్దరం, కాలిఫోర్నియాలో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు, నవంబరు మూడవ వారంలో ఒక రోజు జాషువా ట్రీ జాతీయ ఉద్యానవనంలోని లాస్ట్ హార్స్ కొండనూ, దాని పక్కనే ఉన్న పేరులేని మరొక చిన్న శిఖరాన్నీ ఎక్కి, చీకటి పడకముందే క్షేమంగా దిగి వచ్చాము. ఫొటోలు చూసిన ఆత్మీయులు మమ్మల్ని ఎంతగానో అభినందించారు. కానీ ఆ అభినందనలు ముందుగా చెందవలసిన వారు వేరే ఉన్నారు. వారు చేసిన సహాయం ఎటువంటిదో వివరంగా చెప్పకపోతే మా మనసు ఒప్పుకోదు.

"ఎడారిలో కొండలెక్కడివి?" అని బంధువులు అడుగుతున్నారు గనుక ఆ చోటు గురించి కొంత చెప్పాలి. అది ఇసుక తిన్నెల ఎడారి కాదు. మొహావీ, కొలరాడో అనే రెండు ఎడారులు కలిసే చోట, సుమారు 3,200 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంలో రాతి గుట్టలూ, ఎండిపోయిన ఇసుక వాగులూ, కొమ్మల చివర మొగలి ఆకుల వంటి ముళ్ళ కుచ్చులతో నిలబడిన జాషువా చెట్లూ కనిపిస్తాయి. 1936లో దానిని జాతీయ స్మారక ప్రదేశంగా, 1994లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. లోపలి భాగంలో తాగునీరు దొరకదు, చాలాచోట్ల ఫోను సిగ్నలు అందదు. లాస్ట్ హార్స్ కొండ ఎత్తు 1,619 మీటర్లు. దాని పక్కనున్న పాత బంగారు గని దాకా మంచి కాలిబాట ఉంది. శిఖరాల మీదికి మాత్రం నేలను చూసుకుంటూ, పటం చదువుకుంటూ ఎవరి దారి వారు వెతుక్కోవలసిందే. ఏటిగట్టును మించిన ఎత్తు లేని ఊళ్ళో పుట్టి పెరిగిన మాకు ఆ విద్య ఎక్కడి నుంచి వస్తుంది?

మా వీధిలోనే ఉంటున్న సర్వే శాఖ విశ్రాంత డ్రాఫ్ట్స్‌మన్ గారి నుంచి వచ్చింది. మా అమ్మాయి పంపిన 1:24,000 స్కేలు పటాన్ని ప్రింటు తీయించి ఆయన దగ్గరికి పట్టుకెళ్ళాము. పటం నిండా మెలికలు తిరిగిన సమోన్నత రేఖలు, అంటే ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలిపే గీతలు, చూసి నేను బెంగపడితే, ఆయన ఒక బేసిన్ తెప్పించి, అందులో రెండు కొబ్బరి చిప్పలను పక్కపక్కనే బోర్లించి, వాటి మధ్య సందులో బంకమట్టి మెత్తారు. చిప్పలు తేలకుండా అరచేతులతో అదిమిపట్టుకుని మావారిచేత గ్లాసుతో నీళ్ళు పోయించి, పోసిన ప్రతిసారీ నీటి అంచు వెంట నాచేత పెన్నుతో గీత గీయించారు. మట్టి మునిగేదాకా ఒకే గీత రెండు చిప్పలనూ కలిపి చుట్టింది. మునిగిన తరువాత ఒక్కొక్క చిప్పకు ఒక్కొక్క గీత విడిగా ఏర్పడింది. "ఆ విడిపోయే చోటే కనుమ అమ్మా. ఒక శిఖరం నుంచి రెండో దానికి వెళ్ళాలంటే అక్కడికి దిగి ఎక్కడమే సుళువు" అన్నారు. గీతలు దగ్గర పడ్డ చోట వాలు నిటారుగా ఉంటుందనీ, ఎడంగా ఉన్న చోట కాలు నిలుస్తుందనీ ఆ బేసిన్ దగ్గరే మాకు తెలిసింది. ఇన్నేళ్ళు పాఠాలు చెప్పిన మేము ఇంత స్పష్టమైన పాఠం అరుదుగా విన్నాము.

మోకాళ్ళ వ్యాయామాలు నేర్పిన ఫిజియోథెరపిస్టు అమ్మాయికీ, కోరుకొండ నరసింహస్వామి గుట్ట మెట్లు మాతో పాటు ఎక్కుతూ, అంతర్వేది ఇసుకలో బరువు సంచులతో మమ్మల్ని నడిపించిన వాకింగ్ మిత్రులకూ మా ధన్యవాదాలు. ఎండిన వాగుల్లో ఇసుక కాలి కింద జారుతున్నప్పుడల్లా అంతర్వేది గుర్తుకు వచ్చింది.

ఇక మండపేట అబ్బాయి. బాబూ, పేరు రాయవద్దని నువ్వు కోరావు గనుక రాయడం లేదు. మా అమ్మాయితో పాటు పనిచేసే ఈ అబ్బాయి ఏళ్ళ తరబడి ఆ ఎడారిలో తిరిగిన అనుభవంతో, తన సెలవు రోజును మా కోసం కేటాయించి, మా అడుగులో అడుగు వేసి నడిచాడు. మనిషికి నాలుగు లీటర్ల నీళ్ళు లెక్కగట్టి సంచుల్లో సర్దాడు. మన కోనసీమలో చొక్కా తడిస్తే చెమట పట్టిందని తెలుస్తుంది. అక్కడి పొడి గాలిలో చెమట పట్టినట్టే తెలియకుండా ఆరిపోతుంది. అందువల్ల దాహం కోసం ఎదురుచూడకుండా గడియారం చూసి మాచేత నీళ్ళు తాగించాడు. నవంబరులో అక్కడ అయిదు లోపలే సూర్యుడు అస్తమిస్తాడు కాబట్టి, శిఖరం అందినా అందకపోయినా ఎన్ని గంటలకు వెనుదిరగాలో కారు దిగకముందే మాతో ఒప్పించాడు.

గని దగ్గర ముడిరాతిని పొడిచేసిన స్టాంపు మిల్లు ఇప్పటికీ నిలబడి ఉంది. 1894 నుంచి 1931 వరకు అక్కడ 10,000 ఔన్సులకు పైగా, అంటే 300 కిలోలకు మించి బంగారం తీశారట. ఆ మిల్లు నడవడానికి అయిదున్నర కిలోమీటర్ల దూరం నుంచి గొట్టంలో నీళ్ళు తెచ్చుకున్నారని అతను చెబితే, కాలవల కింద బతికిన మేము చాలాసేపు అక్కడే నిలబడిపోయాము.

బాట విడిచాక అతను మమ్మల్ని రాళ్ళ మీదా, వాగు ఇసుకలోనూ మాత్రమే నడిపించాడు. అక్కడక్కడ నల్లగా, గరుకుగా పొక్కినట్టున్న నేల వట్టి మట్టి కాదట; సయనోబాక్టీరియా అనే సూక్ష్మజీవులు, రాళ్ళను అంటుకుని పెరిగే లైకెన్లు, నాచు కలిసి మట్టిని పట్టి ఉంచే ప్రాణమున్న పొర అట. ఒక్క అడుగు పడితే అది కోలుకోవడానికి ఏళ్ళు పడుతుంది. మొదటి శిఖరం మీద అతను పటం నా చేతిలో పెట్టి, "పిన్నిగారూ, ఇక మీరే దారి చెప్పండి" అన్నాడు. చూస్తే కింద కనుమ అచ్చంగా బంకమట్టి మెత్తిన చోటులాగే ఉంది. అక్కడికి దిగి, రేఖలు ఎడంగా ఉన్న ఏటవాలు వెంట రెండవ శిఖరానికి చేరాము. ఆ క్షణంలో నాకు కలిగిన ఆనందం ఎంతటిదో డ్రాఫ్ట్స్‌మన్ గారికి తెలియాలని ఈ మాట రాస్తున్నాను.

దిగేటప్పుడు నేల మీద రాలిపడి ఉన్న చోయా ముక్క ఒకటి మావారి పిక్కకు పట్టుకుంది. అది నాగజెముడుకు చుట్టమైన మొక్క. దాని ముళ్ళకు వెనక్కి తిరిగిన సన్నని కొక్కేలుంటాయి గనుక చేత్తో లాగబోతే చేతినీ పట్టుకుంటుంది. ఈ అబ్బాయి సంచిలోంచి దువ్వెన తీసి, దాని పళ్ళను చర్మానికీ ముక్కకూ మధ్య నెమ్మదిగా దూర్చి, నన్ను పక్కకు జరగమని ఒక్క విసురుతో దానిని దూరంగా ఎగరగొట్టాడు. మిగిలిన ముళ్ళను చిన్న శ్రావణంతో ఒక్కొక్కటిగా, విరగకుండా తీశాడు. "బాబాయిగారూ, నొప్పిగా ఉందా?" అని ప్రతి ముల్లుకూ అడిగాడు. మండపేటలో ఉన్న అతని తల్లిదండ్రులకు మేమిద్దరం చేతులెత్తి నమస్కరిస్తున్నాము.

మేము ఊళ్ళో లేనన్నాళ్ళూ మా అత్తగారిని కంటికి రెప్పలా చూసుకున్న పక్కింటి వదినగారి ఋణం ఎన్నటికీ తీరదు.

ఆ పటం, రెండు చేతికర్రలు, దువ్వెన, శ్రావణం మా ఇంట్లో భద్రంగా ఉన్నాయి. మన ప్రాంతం నుంచి అటు వెళ్ళేవారు ఎవరైనా వచ్చి తీసుకువెళ్ళవచ్చు. పటం చదవడం నేర్చుకోదలచిన వారికి సాయంత్రం పూట నేర్పడానికి తాను సిద్ధమేనని డ్రాఫ్ట్స్‌మన్ గారు చెప్పమన్నారు.