అడ్మిషన్ల పేజీలో సరుకుల బిల్లుకూ కాస్త చోటివ్వండి

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రికలో వచ్చే విదేశీ చదువుల పేజీని జర్మనీ నుంచి క్రమం తప్పకుండా చదువుతున్నాను. అడ్మిషన్లు, వీసా అపాయింట్‌మెంట్లు, బ్లాక్డ్ అకౌంట్లు (ఖర్చుల డబ్బు ముందే జమచేసి నెలనెలా కొంత తీసుకునే ఖాతాలు)... అన్నిటి గురించీ ఓపిగ్గా రాస్తున్నారు. కానీ విమానం దిగిన మర్నాడు షాపుకెళ్లి ఏం చెయ్యాలో ఎవరూ రాయడం లేదు. మాగ్డెబుర్గ్‌లో చదువుకుంటూ సాయంత్రాలు ఒక సూపర్ మార్కెట్‌లో బిల్లులు కొడుతుంటాను. కొత్తగా వచ్చిన తమ్ముళ్లూ చెల్లెళ్లూ నా కౌంటర్ ముందు ఎంత కంగారుపడతారో చూస్తూ ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

మొదట ఆదివారం సంగతి. ఆదివారాలూ సెలవు రోజులూ ఇక్కడ సూపర్ మార్కెట్లు తెరవరు. పెద్ద రైల్వే స్టేషన్లలో ఉండే షాపులు, పెట్రోలు బంకులు తెరిచి ఉంటాయి గానీ అక్కడ ధర ఎక్కువ. అక్టోబరు 3 దేశమంతటా సెలవు. 2026లో అది శనివారం, మర్నాడు ఎలాగూ ఆదివారం. శుక్రవారం రాత్రిలోగా సరుకులు తెచ్చుకోకపోతే సోమవారం దాకా ఆగాల్సిందే. చాలామంది గదుల్లో దిగేది సరిగ్గా ఆ రోజుల్లోనే! అక్టోబరు 31 కూడా శనివారమే వచ్చింది. అది మాగ్డెబుర్గ్ ఉన్న మా రాష్ట్రం సాక్సనీ-అన్హాల్ట్‌లో సెలవు, బెర్లిన్‌లో కాదు. అందుకే వేరే ఊళ్లో ఉన్న స్నేహితుణ్ణి అడిగి ధీమాగా ఉండకూడదు.

దీన్ని వెనకబాటుతనమని కొందరు విసుక్కుంటారు. నేను ఒప్పుకోను. ఆదివారం విశ్రాంతి 1919 నాటి జర్మనీ రాజ్యాంగంలోనే (వైమార్ రాజ్యాంగం అంటారు) ఉంది, ఆ నిబంధనను ఇప్పటి రాజ్యాంగమూ అలాగే ఉంచుకుంది. క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాలూ వరుసగా షాపులు తెరవడానికి బెర్లిన్ రాష్ట్రం వీలు కల్పిస్తే, 2009 డిసెంబరులో రాజ్యాంగ న్యాయస్థానం అది చెల్లదంది. వారమంతా గల్లా దగ్గర కూర్చునే మాలాంటివాళ్లకు ఆ ఒక్క రోజూ ఎంత విలువైనదో చేసేవాళ్లకే తెలుస్తుంది.

ఇక సీసాలు. నీళ్లో కూల్‌డ్రింకో కొన్న కొత్తవాళ్లు బిల్లు చూసి, "అక్కా, రాసిన ధర కన్నా ఎక్కువ వేశారు" అంటారు. అది మోసం కాదు, డిపాజిట్. ఫాండ్ అంటారు. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ సీసాకూ కూల్‌డ్రింకు డబ్బాకూ 25 సెంట్లు, ఆరు సీసాల కట్టకు ఒకటిన్నర యూరో. మళ్లీ నింపి వాడే సీసాలకు తక్కువ, బీరు సీసాకు మామూలుగా 8 సెంట్లు. 2003లో మొదలైన ఈ పద్ధతిలోకి 2022లో పళ్లరసాల ప్లాస్టిక్ సీసాలు, 2024లో పాల ప్లాస్టిక్ సీసాలు కూడా చేరాయి. ఖాళీ సీసాను షాపులోని మెషీన్‌లో వేస్తే చీటీ వస్తుంది. దాన్ని కౌంటర్‌లో ఇస్తే బిల్లులో తగ్గిస్తాం, లేదంటే డబ్బే ఇస్తాం. సీసాను నలిపితే మాత్రం మెషీన్ దాని గుర్తు చదవలేక తిప్పికొడుతుంది. చోటు కలిసొస్తుందని బస్తా నిండా సీసాలు తొక్కి తెచ్చిన ఒక తమ్ముడు వాటిని అలాగే వెనక్కి మోసుకెళ్తుంటే నాకు చాలా బాధేసింది. నెల మొదట్లో ఆ చిల్లర వాళ్లకు చిన్నది కాదు.

అన్నిటికన్నా మనసుకు తగిలే విషయం బిల్లింగ్ వేగం. "ఆవిడ వస్తువులన్నీ నా మీదికి విసిరేసినట్టు తోసేసింది, నేను ఇండియన్‌నని కదా" అని ఒక చెల్లి నా దగ్గర ఏడ్చింది. వివక్ష ఎక్కడా లేదని నేననను. కానీ ఈ తోపుడు అందరికీ ఒకటే. సరుకులు బెల్టు మీద మనమే పెట్టాలి, మన వెనకవాళ్ల సామానుతో కలవకుండా అడ్డుకర్ర పెట్టాలి. స్కాన్ అయినవాటిని అక్కడే సంచిలో సర్దకుండా గబగబా ట్రాలీలోకి వేసుకుని, డబ్బు కట్టేసి, పక్కకెళ్లి తీరిగ్గా సర్దుకోవాలి. సంచి మనమే తెచ్చుకోవడం మంచిది. కూరగాయలు కొన్ని షాపుల్లో మనమే తూచి చీటీ అంటించాలి, కొన్నిట్లో కౌంటర్‌లోనే తూస్తారు. వాటి పక్కన తూకం మెషీన్ ఉందేమో చూసుకోవాలి. ధర కింద చిన్న అక్షరాల్లో కిలోకో లీటరుకో ఎంతో రాసి ఉంటుంది. పెద్ద ప్యాకెట్ నిజంగా చవకో కాదో చెప్పేది ఆ అంకే.

వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే ఒక మాటను కూడా సరిచేయాలి. ఏది కొన్నా 14 రోజుల్లో తిరిగిచ్చే హక్కు ఉందంటారు. ఆ హక్కు ఆన్‌లైన్ కొనుగోళ్లకు. షాపులో చూసి కొన్నది బాగానే ఉంటే, వెనక్కి తీసుకోవడం షాపువాళ్ల ఇష్టం. లోపముంటే వేరే సంగతి, దానికి చట్టం రెండేళ్లు అండగా ఉంటుంది. బిల్లు పారేయకూడదు.

జ్వరం మందు గురించి తప్పక రాయండి. పారాసిటమాల్ సూపర్ మార్కెట్‌లో దొరకదు, సబ్బులూ షాంపూలూ అమ్మే షాపుల్లోనూ దొరకదు. మందుల షాపుకే వెళ్లాలి. ఆదివారమైతే, రాత్రయితే వంతుల వారీగా ఒకటో రెండో తెరిచి ఉంటాయి. మూసి ఉన్న మందుల షాపు తలుపు మీదే ఆ వేళ ఏది తెరిచి ఉందో రాసి ఉంటుంది. ఆ వేళల్లో 2.50 యూరోలు అదనంగా తీసుకుంటారు. కొత్త ఊళ్లో ఒంటరిగా వణుకుతున్న పిల్లకు ఈ నాలుగు వాక్యాలు ముందే తెలిసుండాలి.

మీ పేజీలో సగం కాలమ్ చాలు. సెప్టెంబరు మొదటి వారంలోపు వేస్తే బయల్దేరేవాళ్లకు అందుతుంది. మీరు సరేనంటే మిగతా వివరాలు నేనే రాసి పంపుతాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
మాగ్డెబుర్గ్, జర్మనీ