బోటు లేని బోటు శిక్షణ

సంపాదకుడు గారికి నమస్కారం.

పది రోజుల కిందట మీ జిల్లా పేజీలో ఫైబర్ బోట్ల లీకుల మీద మత్స్యకారులకు శిక్షణ ఇచ్చారని ఫోటోతో సహా వేశారు. ఫోటోలో రెండో వరుసలో భుజాన తువ్వాలు వేసుకుని కూర్చున్నది నేనే. అప్పుడే రాద్దామనుకున్నాను గానీ చేప పడుతున్న రోజులు, కుదరలేదు.

‘ప్రయోగపూర్వకంగా వివరించారు’ అని రాశారు. ఏం ప్రయోగం సార్? బరంపురంలో ఏసీ హాలు, దీపం వెలిగించడం, శాలువాలు, తెర మీద బొమ్మలు. బోటు అనేది ఫ్లెక్సీ మీద ఒక్కటే ఉంది. గోపాల్‌పూర్ నుంచి మమ్మల్ని బస్సెక్కించి అక్కడికి తీసుకెళ్లే బదులు, ఆ పెద్దమనుషులే ఒడ్డుకు వచ్చి ఉంటే కారే బోట్లు వరసగా చూపించేవాళ్లం. చివర్లో మాకు చెప్పిన సలహా ఏమిటంటే, లోపల నీరు కనపడిన చోట ఎంసీల్ పెట్టి పైన రంగు వేసుకోమని!

మా బామ్మర్ది నిరుడు చేయించింది సరిగ్గా అదే. రాత్రి వేటకు పోతే తెల్లారేసరికి ఇంజను దగ్గర మోకాలి కింద దాకా నీళ్లు. తోడడానికే ఒక మనిషి కావాలి. రిపేరు చేసినాయన ఇంజను తగిలించే వెనక పలకకు ఎంసీల్ పూసి, నీలం రంగు కొట్టి, డబ్బు తీసుకుని వెళ్లిపోయాడు. నాలుగు రోజులకు మళ్లీ అదే కథ. ఎప్పుడూ ఎనిమిది మంది తోస్తే కదిలే బోటును పన్నెండు మంది తోయాల్సి వచ్చింది. బోటు లోపలి నేల పలకల కింద ఉండే ఫోము నీళ్లు తాగేసింది మరి.

నీరు కనపడిన చోటే చిల్లు ఉంటుందనుకోవడమే తప్పు. ఎక్కడో లోపలికి వచ్చిన నీరు పలకల కింద నుంచి పాకి, పల్లం ఎటు ఉంటే అటు తేలుతుంది. చివరికి మేమే బోటును పాత టైర్ల మీదికి ఎత్తి, బయట తుడిచి ఆరబెట్టి, లోపల జానెడు మంచినీళ్లు పోశాం. నిండా పోయకూడదు, ఆ బరువుకు అడుగే పగులుతుంది. గంట గడిచాక చూస్తే ముందు భాగంలో, అడుగు వెన్ను మీద, వెంట్రుక లాంటి గీత నుంచి బొట్టు బొట్టుగా దిగుతోంది. సుద్దముక్కతో గుర్తు పెట్టాం. రోజూ ఇసుక మీదికి లాగే బోటు కదా, అక్కడ పైపూత ఎప్పుడో అరిగిపోయింది. వెనక పలక బోల్టుల దగ్గరా చెమ్మ ఉంది, అది వేరే సంగతి. ఆ బోల్టు కన్నాల్లోంచి ఉప్పునీరు దిగితే లోపలి ప్లైవుడ్ కుళ్లిపోతుంది. బోల్టులు ఊడదీసి సీలెంటు పెట్టి మళ్లీ బిగించాలి గానీ పైన రంగేస్తే ఏం లాభం?

ఇక అతుకు. పగులును మంచినీళ్లతో కడిగి ఉప్పు పోగొట్టాలి, రోజుల తరబడి ఆరనివ్వాలి. తడి మీద పాలిస్టర్ రెసిన్, అంటే ఫైబర్‌ను అతికే జిగురు, పట్టదు. గ్రైండరుతో పగులు చుట్టూ ఏటవాలుగా చెక్కాలి. అడుగు 5 మిల్లీమీటర్ల మందం ఉంటే పగులుకు అన్ని వైపులా 6 సెంటీమీటర్ల దాకా వాలు రావాలి. జిడ్డు పోయేలా ఎసిటోన్‌తో తుడిచి, రెసిన్‌తో తడిపిన గాజునార మ్యాట్ ముక్కలు ఒకదాని మీద ఒకటి వేసి, గాలి బుడగ లేకుండా రోలరుతో ఒత్తాలి. కిలో రెసిన్‌కు హార్డెనర్ (దాన్ని గట్టిపరిచే మందు) 10 నుంచి 20 గ్రాములు. ఎక్కువైతే కలిపిన డబ్బాలోనే వేడెక్కి గడ్డ కడుతుంది, తక్కువైతే జిగురుగానే ఉండిపోతుంది. ఈ లెక్క ఒక్కటైనా ఆ హాల్లో ఎవరైనా చెప్పారా?

పైగా శిక్షణ పెట్టింది ముసురు రోజుల్లో. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తీరంలో మర బోట్లకు వేట నిషేధం. ఆ 61 రోజుల ఎండకు మించి ఫైబర్ ఆరడానికి మంచి రోజులు దొరకవు. ఈ సంగతి మా పిల్లలకు తెలుసు, ఆఫీసులకే తెలియదు. వాళ్లకు తెలిసిందల్లా బిల్లులు ఎప్పటిలోగా పెట్టాలన్నదే.

ఆ హాల్లో వాళ్లు మాట్లాడింది సగం ఒడియా, సగం ఇంగ్లీషు. ఒడియా మాకు రాదని కాదు, బజారులో రోజూ మాట్లాడేదే. కానీ మా పేటల్లో ముసలివాళ్లకు పని సంగతులు తెలుగులో చెబితేనే ఎక్కుతాయి. 1936 ఏప్రిల్ 1న గంజాం మద్రాసు నుంచి ఒడిశాలోకి వచ్చింది. ఇన్నేళ్లయినా తెలుగులో ఒక కరపత్రం అచ్చు వేయడానికి ఎవరికీ చేతులు రావడం లేదు. మా నాన్న కాలంలో పలకలను తాడుతో కుట్టిన కుట్టు పడవలుండేవి. కారితే కొబ్బరి పీచు కూరుకునేవాళ్లు, ఆ పని తండ్రి నుంచి కొడుకు నేర్చుకునేవాడు. తెప్పకైతే ఆ బాధే లేదు, దుంగల సందుల్లోంచి వచ్చిన నీరు అట్నుంచి అటే పోతుంది. ఫైబర్ వచ్చాక బోట్లు అంటగట్టడానికి అందరూ వచ్చారు, బాగు చేయడం నేర్పడానికి ఒక్కరూ రాలేదు.

మాకిచ్చిన సర్టిఫికెట్‌కు మాత్రం లామినేషన్ బాగా చేశారు. అందులోకి చుక్క నీరు పోదు.

ఇంకో మాట. వంద మందికి శిక్షణ అని రాశారు. నేను లెక్కపెట్టాను, బోటు ఉన్నవాళ్లం 31 మందిమే. మిగతావాళ్లు భోజనాల వేళకు వచ్చారు. ఆ అంకె సవరించి వేయగలరు.

ఇట్లు,
ఒక బోటు యజమాని,
గోపాల్‌పూర్, గంజాం జిల్లా