వార్షిక నివేదిక: నీడలు కొలిచిన ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

కిందటి సర్వసభ్య సమావేశంలో మనం గంటన్నర సేపు వాదులాడుకున్నది మీకు గుర్తుండే ఉంటుంది. మన సంఘం విద్యా నిధితో ఇద్దరు పిల్లల్ని విదేశీ సైన్స్ టూర్‌కి పంపాలని కొందరన్నారు. అదే డబ్బుతో పిల్లలందరూ ఉన్నచోటే ఉండి, మరో దేశపు పిల్లలతో కలిసి ప్రయోగాలు చేయాలని మిగతావాళ్లన్నారు. కొద్ది తేడాతో రెండో మాటే నెగ్గింది. నేను చెయ్యెత్తింది మొదటిదానికే. ఆ సంగతి ముందే చెప్పి మొదలుపెడుతున్నాను.

మన సభ్యుల్లో ఒకరి బంధువు యూరప్‌లో ఒక బడిలో టీచరు. భాగస్వామి బడి ఆమె ద్వారానే దొరికింది. ఏ ప్రయోగం చేయాలో రెండు వైపుల టీచర్లూ తేల్చేసరికి నెల పట్టింది. చివరికి పరికరాల ఖర్చు లేనిదాన్ని ఎంచుకున్నారు. మీటరు కర్రను ఎండలో నిటారుగా నిలబెట్టి, మధ్యాహ్నం నీడ కొలిచి, భూమి చుట్టుకొలత లెక్కగట్టాలి. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో ఎరటోస్తనీస్ అనే గ్రీకు పండితుడు చేసింది ఇదే. దక్షిణాన సైనీలో (నేటి అస్వాన్) సూర్యుడు నడినెత్తిన ఉన్న రోజున అలెగ్జాండ్రియాలో సూర్యుడు నడినెత్తి నుంచి వాలిన కోణం నీడ కొలిచి చూస్తే వృత్తంలో యాభయ్యో వంతు వచ్చింది. ఆ రెండు ఊళ్ల మధ్య దూరాన్ని యాభైతో గుణించాడు, అంతే.

పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజు కదా అని సెప్టెంబర్ 23 పెట్టుకున్నాం. మనకు ఎండ కాసింది, వాళ్లకు మబ్బు పట్టింది. ఇక మార్చి దాకా ఆగాల్సిందేనని అందరూ నీరుగారిపోయారు. అప్పుడు వాళ్ల టీచరు ఒక మాట చెప్పింది. సూర్యుడు ఏ రోజు ఎంత వాలి ఉన్నా, ఒకే రోజున రెండు చోట్లా ఆ వాలు ఒకటే కాబట్టి, ఒక చోటి కోణంలోంచి రెండో చోటి కోణాన్ని తీసేస్తే అది పోతుంది. అందుకని ఎండ ఉన్న రోజు ఏదైనా పనికొస్తుంది. నిజం చెప్పాలంటే ఇది మాలో ఎవరికీ తట్టలేదు.

వారం తర్వాత రెండు చోట్లా కొలిచారు. వాళ్ల పట్టిక చూసి మన పిల్లలకు మతిపోయింది, కర్ర పొడవు 1,000 మీటర్లట! విచారిస్తే, వాళ్ల దేశంలో దశాంశ బిందువు ఉండాల్సిన చోట కామా పెడతారు. అది ఒకటి పాయింట్ సున్నా సున్నా సున్నా. అది సరిచేసినా కోణాలు పొసగలేదు. ఈసారి తప్పు గడియారాలది. రెండు చోట్లా పన్నెండు కొట్టగానే నీడ కొలిచారు. వాళ్లు వేసవిలో గడియారాన్ని గంట ముందుకు జరుపుకుంటారు, అక్టోబర్ చివరి ఆదివారం దాకా అది అలాగే ఉంటుంది. అంటే అక్కడ పన్నెండయ్యేసరికి సూర్యుడింకా పైకి ఎక్కుతూనే ఉంటాడు. ఆ మాటకొస్తే మన గడియారం పన్నెండు కూడా అసలు మిట్టమధ్యాహ్నం కాదు. కాబట్టి అక్టోబర్ నడిమధ్యలో మూడోసారి కొలిచినప్పుడు గడియారాన్ని పక్కనపెట్టారు. అయిదేసి నిమిషాలకు నీడ కొసన గీత గీస్తూ పోయి, అన్నింటిలో పొట్టి నీడనే లెక్కలోకి తీసుకున్నారు. కోణాల తేడా 31 డిగ్రీలు తేలింది.

బడికీ బడికీ మధ్య దూరం మ్యాప్‌లో చూస్తే 6,700 కిలోమీటర్లు. ఆ లెక్కన భూమి చుట్టుకొలత దాదాపు 78 వేల కిలోమీటర్లు వచ్చింది. ధ్రువాల మీదుగా అసలు కొలత 40,008 కిలోమీటర్లు. భూమి ఇంచుమించు రెండింతలైపోయింది! ఆ వారం వీడియో కాల్‌లో తప్పు మీదంటే మీదని నవ్వుతూనే గట్టిగా పోట్లాడుకున్నారు. తప్పు కనిపెట్టింది అక్కడి కుర్రాడు. మన బడులు ఒకదానికొకటి నేరుగా ఉత్తర దక్షిణాల్లో లేవు, బాగా ఏటవాలుగా ఉన్నాయి. ఈ లెక్కకు కావలసింది ఉత్తర దక్షిణ దూరం మాత్రమే. అది చూస్తే 3,330 కిలోమీటర్లు. మళ్లీ లెక్కేస్తే 38,670 వచ్చింది. అసలుకు మూడు శాతం పైచిలుకు తక్కువ. రెండు వైపులా చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను.

ఆ చప్పట్ల మధ్యే మన ఏడో తరగతి అమ్మాయి ఒకతె లేచి, "ఈ దూరం మ్యాప్ చెప్పింది కదా. భూమి ఎంతుందో ముందే తెలియకపోతే మ్యాప్‌కి దూరమెలా తెలుస్తుంది? ఇది చూచిరాతే కదా?" అంది. టీచరు తర్జుమా చేసి అవతలివాళ్లకు చెప్పాక కాసేపు రెండు వైపులా చప్పుడు లేదు. ఎరటోస్తనీస్ కాలంలో అడుగులు లెక్కపెట్టే మనుషులు నడిచి దూరం కొలిచేవారంటారు. మీటరు ఎంతుండాలో నిర్ణయించేందుకు 1792 నుంచి 1798 దాకా ఇద్దరు ఫ్రెంచి శాస్త్రవేత్తలు ఫ్రాన్స్‌లోని డన్‌కర్క్ నుంచి స్పెయిన్‌లోని బార్సిలోనా వరకు త్రిభుజాలు వేసుకుంటూ నేలనే కొలిచారు. మనం మాత్రం ఫోన్ చూసుకున్నాం.

ఇక నేలమీద దూరం కొలవాలి. పక్క ఊరికి బైకు మీద వెళ్లి కొలిస్తే చాలనుకున్నారు గానీ లెక్క కుదరలేదు. ఒక డిగ్రీకి దూరం 111 కిలోమీటర్లు. మన కర్ర నీడ ఒక డిగ్రీకి మారేది రెండు సెంటీమీటర్ల లోపే. సూర్యబింబం వెడల్పే అర డిగ్రీ కాబట్టి నీడ కొస సెంటీమీటరు మేర మసగ్గా ఉంటుంది. ఊళ్లు మరీ దగ్గరైతే ఆ మసకలోనే జవాబు పోతుంది. చివరికి పిల్లలకు తట్టిన ఉపాయం రైలు దారి. పట్టాల వెంట కిలోమీటరు రాళ్లుంటాయి, టైమ్‌టేబుల్‌లో దూరాలు అచ్చేసి ఉంటాయి. పట్టాలు వంకర తిరుగుతాయి నిజమే, కానీ ఆ దూరం నేలమీద కొలిచింది. ఉత్తర దక్షిణంగా సాగే లైను మీద చాలా దూరాన ఉన్న మరో బడిని మనం వెతుక్కోవాలి, వాళ్లూ తమ దేశంలో అదే చేస్తారు. రెండు జవాబులనూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూస్తారు.

పిల్లలు చేసిన మరో పని, గ్రహశకలాల (సూర్యుడి చుట్టూ తిరిగే రాతి ముక్కల) వేట సంగతి క్లుప్తంగా. 2006లో మొదలైన ఒక అంతర్జాతీయ కార్యక్రమం బడిపిల్లల జట్లకు హవాయిలోని పాన్‌స్టార్స్ టెలిస్కోపు ఫొటోలను ఉచితంగా ఇస్తుంది. కొన్ని నిమిషాల తేడాతో తీసిన ఫొటోల్లో కదిలే చుక్కను పట్టుకోవాలి. మన జట్టు పంపినవి ఒక్కటీ నిలబడలేదు, అన్నీ కెమెరా మరకలే. పిల్లలు మాత్రం మళ్లీ చేస్తామంటున్నారు.

జరిగిన పొరపాట్లు కూడా చెప్పాలి. మొదటి రెండు కాల్స్‌లో ఇంగ్లిష్ వచ్చిన ముగ్గురే మాట్లాడారు, కొలతలు తీసినవాళ్లు వెనక బెంచీల్లో ఉండిపోయారు. తప్పు నాదే, ముందు వరుసలో ఎవరిని కూర్చోబెట్టాలో రాసిచ్చింది నేను. మూడో కాల్ నుంచి కొలిచినవాళ్లే మాట్లాడాలని, టీచరు తర్జుమా చేయాలని మార్చాం. "చూచిరాతే కదా" అన్న ప్రశ్న వచ్చింది ఆ తర్వాతే. ఇక నవంబర్ మొదటి కాల్‌కి, వాళ్ల గడియారం వెనక్కి జరిగిన సంగతి మరచి, పిల్లల్ని గంట సేపు ఖాళీ తెర ముందు కూర్చోబెట్టాం. కాల్స్ సాయంత్రం పూట కావడంతో ఆడపిల్లలు కొందరు రావడం మానేశారు. ఇంటికి దింపే ఏర్పాటు జనవరి దాకా చేయలేకపోయాం.

పిల్లల్ని విదేశాలకు పంపే దారులు ఏమున్నాయని ఇప్పటికీ చాలామంది అడుగుతున్నారు. జపాన్ ప్రభుత్వ సంస్థ ఒకటి 2014 నుంచి సకురా సైన్స్ పేరుతో విద్యార్థులను కొద్ది రోజులకు పిలుస్తోంది. యూరప్‌లోని కణ భౌతిక పరిశోధన కేంద్రం సెర్న్ కూడా అదే ఏడాది హైస్కూలు జట్లకు పోటీ మొదలుపెట్టింది. ప్రయోగం ఆలోచించి రాసి పంపాలి, గెలిచినవాళ్లు దాన్ని నిజమైన కణపుంజం (వేగంగా దూసుకుపోయే అతిసూక్ష్మ కణాల ధార) మీద చేసి చూడొచ్చు. పై తరగతుల పిల్లలు ఎవరైనా ప్రయత్నిస్తామంటే దరఖాస్తు పనిలో కార్యవర్గం సాయపడుతుంది. ఎంపిక మాత్రం మన చేతిలో ఉండదు, దయచేసి సిఫారసులు అడగొద్దు.

జమాఖర్చులు కోశాధికారి గారు సమావేశంలో చదువుతారు. మీ నుంచి కావలసినవి రెండు. రైల్వేలో పనిచేసిన సభ్యులెవరైనా ఉంటే, ఉత్తర దక్షిణంగా తిన్నగా పోయే లైను ఏదో చూసి చెప్పాలి. ఆ లైనులో చివరాఖరున ఉన్న ఏదో ఒక ఊళ్లో తెలిసిన టీచరు ఉంటే పరిచయం చేయాలి. ఈసారి కొలత మార్చి మూడో వారంలో. మబ్బు పడితే మర్నాడు.

మీ కార్యదర్శి