ఏ పంటికి ఏ క్యాప్?

సంపాదకులకు నమస్కారం.

రూట్ కెనాల్ అయ్యాక కోనసీమలో చాలామంది ముందు అడిగేది ‘క్యాప్‌కి వారంటీ ఎన్నేళ్లు?’ అని. ఆ కార్డు మామూలుగా క్యాప్ విరిగితేనే పనికొస్తుంది, లోపలి పన్ను పుచ్చితే కాదు. అడగాల్సింది ఇంకోటి: చిగురు పైన గట్టి పన్ను చుట్టూరా 1.5 నుంచి 2 మి.మీ. ఎత్తున మిగిలిందా? అది లేకపోతే ఎంత ఖరీదైన క్యాపైనా ఊడిపోవచ్చు, పన్నే విరగొచ్చు.

కనబడని వెనక దవడ పన్నుకు పూర్తి మెటల్ ఇప్పటికీ మంచిదే. చూపుకే నామోషీ! నమిలే వైపు దాదాపు 1 మి.మీ. అరగదీస్తే చాలు. ఆ మెటల్‌లో నికెల్ ఉండొచ్చు, అది పడనివాళ్లు ముందే చెప్పాలి. మెటల్ మీద పింగాణీ వేసేదానికి 1.5 నుంచి 2 మి.మీ. చోటు కావాలి. తక్కువైతే పింగాణీ పలచబడి, చేగోడీ కొరికినప్పుడు పెచ్చు లేస్తుంది. చిగురు వెనక్కి జారితే అంచున నల్లగీత కనబడుతుంది.

జిర్కోనియా అనే తెల్లటి, మెటల్ లేని క్యాప్ గట్టిదే. అయితే బిగించేటప్పుడు ఎత్తు సరిచేసి, మళ్లీ నున్నగా పాలిష్ పెట్టకపోతే ఎదుటి పన్నును ఆకురాయిలా అరగదీస్తుంది. ముందు పళ్లకు లిథియం డైసిలికేట్ అనే గాజులాంటి పింగాణీ అందం, వెలుతురును లోపలికి పోనిస్తుంది. నిద్రలో పళ్లు నూరేవాళ్లకు మాత్రం మేం వద్దంటాం.

తాత్కాలిక క్యాప్ ఉన్నన్నాళ్లూ ఆత్రేయపురం తాండ్ర ముట్టుకోవద్దు, పీకేస్తుంది. అసలుది పెట్టాక ఎత్తు తగిలితే ‘అలవాటవుతుందిలే’ అనుకోకుండా రెండు రోజుల్లోపే సరిచేయించుకోవాలి.

— ఇద్దరు దంతవైద్యులు, అమలాపురం